అందింది, అందుకోలేదు

మా ఆఫీసులో వచ్చినవాళ్ళకి టీ ఇవ్వం.
మర్యాద తెలీక కాదు.
కిసుములో చాయ్ అంటే
కప్పులో పోసేది ఒకటి, జేబులో పోసేది ఇంకొకటి.
అందుకే కూజాలో మంచినీళ్ళు,
పక్కన బోర్లించిన రెండు గ్లాసులు.

ఆమె రెండు గ్లాసులూ తాగింది.
పేరు అకెయో న్యాంగ్వెసో.
ఉద్యోగం, చేపల రేవులో వలలు కొలవడం.
సర్కారు ఇచ్చిన ఇనప స్కేలు
సంచిలోంచి తొంగిచూస్తోంది.
ముంజేతికి అంటుకున్న పొలుసొకటి
కిటికీ వెలుతురు పడ్డప్పుడల్లా మెరిసింది.
చెబుదామనుకుని చెప్పలేదు.

"వల కన్ను అయిదంగుళాలుండాలి," అంది.
"అతని వలకి మూడే.
నిన్న పుట్టిన పిల్ల కూడా జారిపోలేదు.
కొలిచాను. రాసుకున్నాను.
అతను నవ్వాడు, ఏమీ అనలేదు,
పడవెక్కి వెళ్ళిపోయాడు.
నేను చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది.
ఆరు వేల షిల్లింగులు."

చెయ్యి తడపడం అంటారే,
ఇక్కడ ఎవరి చెయ్యీ ఎవరూ ముట్టుకోలేదు.
తడి దానంతటదే వచ్చింది,
గాలి తిరిగిన రాత్రి సరస్సు ఇంట్లోకొచ్చినట్టు.

ఆ రేవులో వలలు కొలిచేవాళ్ళు
ఇంకో ఇద్దరున్నారట.
వాళ్ళ ఫోన్లు మోగవా అని నేనడగలేదు.
ఫారంలో ఆ గడి లేదు.

ఉన్నవి నలభై మూడు గడులు.
పదకొండోది: సొమ్ము అందిందా? అవును, కాదు.
"అవునంటే దొంగని," అంది.
"కాదంటే అబద్ధాలకోరుని."
పంతొమ్మిదేళ్ళుగా ఈ గడి నింపుతున్నాను,
ఆ రెండు మాటల మధ్య
మనిషి నిలబడే చోటు లేదని
నాకెప్పుడూ తట్టలేదు.
అంచున, కాగితం మడత దగ్గర,
చిన్నక్షరాలతో రాశాను:
అందింది. అందుకోలేదు.

పదిహేడోది: పంపినవారు మీకేమవుతారు?
స్కేలుని సంచిలోకి తోసింది. మళ్ళీ పైకి లాగింది.
"ఒక్వారో. మా పిన్ని మొగుడు.
నాకు ఈత నేర్పింది ఆయనే.
వీపు కింద అరచెయ్యి పెట్టి
పట్టుకున్నా, పట్టుకునే ఉన్నా అంటూ
ఎప్పుడు వదిలేశాడో తెలీదు.
నేను తేలుతూనే ఉన్నాను.
ఇదంతా రాయాలా?"

అక్కర్లేదన్నాను.
బంధువు, అని రాశాను.
ఆ గడిలో అరచెయ్యి పట్టదు.

"పోనీ, తిప్పి పంపెయ్యనా?"
"వద్దు. అది సాక్ష్యం.
కేసు తేలేదాకా ముట్టుకోకూడదు."
"ఎన్నాళ్ళు?"
పోయినేటి కేలెండరు ఇంకా గోడమీదే ఉంది.
దాన్ని చూస్తూ, తెలీదన్నాను.

ఫోను నా ముందు పెట్టింది.
ఆరు వేల నాలుగు వందల పది.
అందులో ఆమెది నాలుగు వందల పది.
జీతానికి ఇంకా తొమ్మిది రోజులు.
రేవు గోడమీద నీటిమట్టం గీసినట్టు
ఆరు వేల దగ్గర ఒక గీత.
నీళ్ళు దాని కిందికి దిగితే
నేరం ఆమెదే.

నేనూ ఒకసారి ఇచ్చాను.
మా అమ్మ మరణ ధ్రువపత్రానికి, రెండు వందలు.
గుమాస్తా లెక్కపెట్టుకోలేదు కూడా.
అమ్మ పేరు మాత్రం తప్పు రాశాడు.
దాని సంగతి ఆమెతో అనలేదు,
ఎవరితోనూ అనలేదు.

రసీదు చింపి ఇచ్చాను.
నంబరు పైకి చదివి, నాలుగు మడతలు పెట్టి
జాకెట్టు లోపలి జేబులో పెట్టుకుంది.
"పిన్నికి తెలుస్తుందా?" అంది గుమ్మం దగ్గర.
పేర్లు బయటికి పోనివ్వమన్నాను.
మేం పోనివ్వం.
రేవు సంగతి నాకు తెలీదు.

ఎదురుగా స్టేజీలో హోమా బే వ్యాను.
కండక్టరు చెయ్యి చాపాడు.
ఆమె ఫోను తీసింది,
చూసుకుంది, మళ్ళీ చూసుకుంది,
లోపల పెట్టేసి
సంచి అడుగున చిల్లర వెతకసాగింది.
వెనకవాళ్ళు తోసుకుంటున్నారు.
ముందు స్కేలు బయటికొచ్చింది.
దాన్ని చంకలో ఇరికించుకుని
ఒక్కో నాణెం
అతని అరచేతిలో లెక్కపెట్టింది.